రాలిన కాయ ఎవరిది

మా అత్తగారి జామతోటకు చుట్టూ కంచె ఉండేది, కంచెకు తలుపు ఉండేది కాదు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నేను దాన్ని బద్ధకం కింద జమకట్టాను. నాలుగు కర్రలు, ఒక గొలుసు, అరపూట పని. ఆ మాట పైకే అనేశాను. నాకు నోరు ఎక్కువని ఒంగోలులో మా పుట్టింటివాళ్ళే ముందుగా చెప్పి పంపించారు కాబట్టి ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తలుపు పెడితే వాళ్ళెట్టా వస్తారమ్మాయ్?" అంది, అంతే. వాళ్ళంటే ఎవరో నాకు తరవాత తెలిసింది.

మా ఊరు ప్రత్తిపాడుకు దగ్గర్లోనే, తారురోడ్డు దిగి మట్టిదారిలో కాస్త నడిస్తే వస్తుంది. చుట్టూ నల్లరేగడి. ఎనభైల్లో ఆ నేలకు పత్తి పిచ్చి పట్టింది. పెరట్లో నాలుగు బెండ మొక్కలు వేసుకునే జాగాలో కూడా పత్తి గింజ పెట్టేవాళ్ళు. పత్తి కాకపోతే మిరప. సాయంత్రం గాలి తిరిగితే పురుగుమందు వాసన నేరుగా అన్నం పళ్ళెంలోకి వచ్చేది. ఆ మధ్యలో మా అత్తగారి ఎకరం జామ ఒక్కటే పచ్చగా, నీడగా ఉండేది.

తోట పెట్టింది ఆవిడ తండ్రి. ఆదివారం చర్చిలో వాక్యం చెప్పి, మిగతా రోజుల్లో బడిలో పాఠం చెప్పిన మనిషి. పొలం కొనుక్కున్నప్పుడు అందరూ పొగాకు వెయ్యమంటే వినకుండా జామ అంట్లు తెచ్చి నాటాడట. నాటుతూ నాటుతూ ఒక కట్టడి పెట్టాడు. చెట్టు మీద కాయ మనది, నేల మీద కాయ బీదవాళ్ళది. రాలిన పండు తోటవాడు ఏరుకోకూడదన్నది బైబిల్లో దేవుడు పెట్టిన ధర్మం, దాన్ని మనం మీరకూడదని కూతురికి నేర్పాడు. కూతురు అక్షరం పొల్లుపోకుండా పట్టుకుంది. కోతలప్పుడు గంపలోంచి జారి పడ్డ కాయ అయినా సరే, నేల తాకిందంటే ఇక దాని వంక చూసేది కాదు. ఒకసారి నేను తెలియక కింద పడ్డ దోరకాయ తీసి కొరికితే, చర్చిలో కానుకల పళ్ళెంలోంచి చిల్లర తీసుకున్నట్టు చూసింది నన్ను.

వాళ్ళంటే మా పేటలోనే ఉండే కూలీ ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు. అందరూ మా చర్చివాళ్ళే, మా చుట్టాలూ కొందరున్నారు. మాకు ఎకరం ఉంది, ఇంట్లో నాదీ మా ఆయనదీ రెండు బడి జీతాలున్నాయి. వాళ్ళకు కొడవలి ఉంది. తేడా అంతే గాని, ఆ తేడా కంచె కంటే ఎత్తు. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళు తోటలోకి వచ్చి, వంగి, కొంగుల్లో కాయలు ఏరుకుపోయేవాళ్ళట. నేను వచ్చేసరికి ఆ రాకపోకలు తగ్గాయి, పోనుపోను ఆగిపోయాయి. ఇప్పుడందరికీ పత్తి పనులు, తీరిక ఉండటం లేదు పాపం అనేది మా అత్తగారు.

ఇంట్లో ఆవిడకీ నాకూ పడేది కాదు. చారులో ఉప్పు దగ్గర మొదలుపెట్టి పిల్లవాడికి ఏ నూనె రాయాలన్నదాకా ప్రతిదానికీ యుద్ధమే. తోటలో మాత్రం పడేది. బడి అయ్యాక నేను అటువైపు వెళ్తే ఏదో ఒక చెట్టు కింద కూర్చుని ఉండేది. ఏ చెట్టు తన పెళ్ళినాడు పూసింది, ఏ చెట్టును గాలివాన పడగొడితే మామగారు తాడు కట్టి మళ్ళీ నిలబెట్టారు, అన్నీ చెప్పేది. మామగారు పోయాక ఆవిడ మనసు విప్పి మాట్లాడింది ఆ చెట్ల కిందే. అందుకే తోటకు పురుగు పట్టినప్పుడు నాకు కాయల కంటే ఆవిడ గురించి ఎక్కువ భయం వేసింది.

జామ ఏడాదికి రెండుసార్లు కాస్తుంది, వానల్లో ఒకసారి, చలిలో ఒకసారి. రెండేళ్ళు వరసగా వానకాపు పాడైంది. కాయ పైకి నిగనిగలాడుతూ ఉండేది. ఎక్కడో ఒక చోట సూది గుచ్చినట్టు చిన్న మచ్చ. కోస్తే లోపల తెల్లటి పురుగులు, కొన్ని ఎగిరి గంతులు కూడా వేసేవి. గుంటూరు నుంచి ఏటా వచ్చి కాపు మొత్తం మాట్లాడుకునే వ్యాపారి ఒక కాయ కోసి చూశాడు, ఇంకొకటి కోసి చూశాడు, చాకు తువ్వాలుకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మా ఆయన చెడ్డవాడేం కాదు. ఆ కాయలు తినే పెరిగినవాడు. కానీ చుట్టుపక్కల అందరి పత్తీ తెల్లగా విచ్చుకుంటుంటే, మోటారు నీళ్ళున్న ఎకరంలో పురుగుల జామను చూసుకుంటూ కూర్చోవడం అతనికి మింగుడు పడలేదు. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర తేల్చి చెప్పేశాడు. ఈ ఏడు చలికాపు కూడా చూస్తాను. అదీ పురుగే అయితే క్రిస్మస్ వెళ్ళగానే చెట్లు కొట్టించేసి, వచ్చే వానలకు పత్తి వేస్తాను. కట్టెలకు చెట్లు కొనే మనిషితో మాట్లాడేశానని కూడా చెప్పాడు. మా అత్తగారు అన్నంలో మజ్జిగ పోసుకోకుండా లేచిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ ప్రార్థన వీధిలోకి వినపడటం మొదలైంది.

అలాంటి రోజుల్లో తోటల ఆఫీసరు ఒకాయన స్కూటరు మీద మా బడికి వచ్చాడు. ఊళ్ళో దారి తెలియనివాళ్ళందరూ ముందు బడికే వస్తారు. ఈ చుట్టుపక్కల పళ్ళతోటలు ఎక్కడెక్కడున్నాయి అని అడిగాడు. పండు ఈగ ఎప్పుడు వస్తోందో, ఎక్కడ ఎక్కువ ఉందో తెలుసుకోవడానికి తోటల్లో డబ్బాలు కడుతున్నామన్నాడు. ఆ మాట చెవిన పడగానే పిల్లలను ఎక్కాలు చదువుకోమని చెప్పి, ఆయన్ను వెంటబెట్టుకుని తోటకు నడిచాను.

డబ్బా అంటే పెద్ద విశేషం ఏమీ లేదు. మూతున్న ప్లాస్టిక్ డబ్బా, పక్కలకు కన్నాలు, లోపల తీగకు వేలాడే దూది ఉండ. సంచిలోంచి చిన్న సీసా తీసి ఆ దూది మీద ఏదో నూనె చుక్కలు వేశాడు, ఆ మీద రెండు చుక్కల పురుగుమందు. నూనె సీసా మూత తియ్యగానే చెట్టు కిందంతా వాసన పరుచుకుంది. పంటినొప్పికి పెట్టుకునే లవంగ నూనెలో తులసాకు నలిపి వేసినట్టుంది. మా అత్తగారు ముక్కు ఎగబీల్చి, ఇంత మంచి వాసన ఈగల పాలు చెయ్యడం ఎందుకు బాబూ అంది.

ఆయన ఓపికగా చెప్పాడు. ఈ వాసనకు మగ ఈగలు వచ్చి పడతాయి. ఆడవి రావు, అవి కాయల మీదే ఉంటాయి, గుడ్లు పెట్టేవీ అవే. మా అత్తగారు, అయితే ఇవీ మన మగాళ్ళలాంటివే, వాసన వస్తే చాలు పని మానుకుని పరిగెత్తుతాయి అంది. ఆయన ముఖం ఎర్రబడింది. నేను నవ్వు ఆపుకోలేక చెట్టు చాటుకు వెళ్ళాను. ఇంటికి వచ్చాక ఈ మాట మా ఆయనకు కూడా చెప్పాను, చెప్పకుండా ఎలా ఉంటాను.

వారానికోసారి డబ్బా విప్పి, పడ్డ ఈగలను కాగితం మీద దులిపి లెక్క చూడటం నా పని. లెక్క ఎంత ఉంటే అంత పొడుగు గీతగా మోటారు గది తలుపు మీద సుద్దతో గీసేదాన్ని. చేతిలో ఎప్పుడూ సుద్ద ఉండే ఉద్యోగం కదా. మొదటిసారి విప్పినప్పుడు కాగితం దూరంగా పట్టుకుని చూశాను. మామూలు ఈగలంతే ఉన్నాయి గాని పసుపు రంగు, నడుము సన్నం. డబ్బా అడుగంతా నిండిపోయి పైపైన పడి ఉన్నాయి. మా ఆయన మాత్రం సంబరపడిపోయాడు. చూశావా, మొత్తం చచ్చాయి, ఈ డబ్బాలు ఇంకో పది అడుగుదాం అన్నాడు. పక్క చేలో మిరపనారు పోసుకున్న రైతు కంచె అవతల నుంచి ఇంకో రాగం తీశాడు. ఊళ్ళో లేని ఈగల్ని సెంటు పూసి పిలుచుకుంటన్నారు, రేపు నా చేలోకి వస్తే ఎవరిది పూచీ అని. ఈ ఈగలకు నీ మిరపనారు అక్కర్లేదులే, నిద్రపో అన్నాను నేను.

ఆఫీసరు మళ్ళీ వచ్చినప్పుడు ఆ తలుపు మీద లెక్క చూసి సంబరపడలేదు. ఆయన ఇంకో రెండు మూడు తోటల్లో కట్టిన డబ్బాల్లో ఇందులో పడినన్ని పడలేదట. ఇది ఈగల్ని చంపే డబ్బా కాదమ్మా, ఈగలున్నాయని దండోరా వేసే డబ్బా, ఇంత పెద్ద దండోరా వేస్తోందంటే ఈగ ఎక్కడినుంచో రావడం లేదు, ఇక్కడే పుడుతోంది అన్నాడు. ఆ మాట అంటూ నేల వంక చూశాడు.

చెట్ల కింద పరుపు పరిచినట్టు కాయలు. కొన్ని పండి పగిలాయి, కొన్ని కుళ్ళి నల్లబడ్డాయి. ఆయన ఒక పుల్లతో కాయను తిప్పాడు. లోపలి పురుగులు ఒకదాని వెంట ఒకటి నేల పగుళ్ళలోకి దిగిపోతున్నాయి. ఆ పురుగే మట్టిలో గూడు కట్టుకుని మళ్ళీ ఈగై లేస్తుందని, రాలిన కాయను ఎప్పటికప్పుడు ఏరి గోతిలో లోతుగా పూడ్చకపోతే ఎన్ని మందులు కొట్టినా దండగని చెప్పాడు. ఇన్నాళ్ళూ ఎందుకు ఏరలేదని అడిగాడు.

"అవి నావి కావు బాబూ," అంది మా అత్తగారు.

ఆయనకు అర్థం కాలేదు. తోట మీదే కదండీ అన్నాడు.

"తోట నాదే. రాలిన కాయలు బీదవాళ్ళవి. నావి కానివి నేనెట్టా పూడ్చేది?"

ఆఫీసరుగారి చదువులో ఈ పాఠం లేనట్టుంది. డబ్బాలో దూది మార్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నాతో మాత్రం చెప్పాడు, వానకాపు కాయలు ఇలాగే వదిలేస్తే చలికాపుకు ఆశ లేదని.

ఆ వారమంతా మా ఇంట్లో అన్నం కంటే వాదన ఎక్కువ ఉడికింది. చెట్లు కొట్టేస్తే రాలే కాయలూ ఉండవు, పైన కాయలూ ఉండవు, అప్పుడు మీ బీదవాళ్ళు ఏం ఏరుకుంటారు అన్నాను. నాన్న పెట్టిన ధర్మం నా చేత్తో పూడ్చలేను, తోట పోతే పోనీ అంది ఆవిడ. మీ నాన్న ఉంటే ఆయనే గొయ్యి తవ్వేవాడు అని నేనంటే, మా నాన్నను నువ్వు చూశావా అంది. మా ఆయన మధ్యలోకి రాలేదు. వాదన ఎటు తేలినా చివరికి పత్తే అన్న ధీమా అతనిది. పాస్టరుగారిని అడిగితే ఆయన ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందన్నారు, టీ తాగారు, ప్రార్థన చేసి వెళ్ళారు.

నేను రాత్రంతా కాకపోయినా ఒక పూటంతా ఆలోచించాను. కాయలు వాళ్ళవైతే వాళ్ళనే అడిగితే పోలా అనిపించింది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడం చూస్తే, బీదవాళ్ళ గురించి మాట్లాడటం మాకు బాగా అలవాటైంది గాని వాళ్ళతో మాట్లాడటం అలవాటు కాలేదని ఇప్పుడనిపిస్తుంది.

మా పేటలో మిరపకోతల ముఠాను నడిపే ఒకావిడ ఉండేది. ముఠాకు పెద్ద కాబట్టి అందరూ మేస్త్రమ్మ అనేవాళ్ళు. మా అత్తగారి ఈడుదే, చిన్నప్పుడు ఇద్దరూ మా అత్తగారి నాన్న దగ్గరే అక్షరాలు దిద్దారు. ఒకరు చదువు సాగించారు, ఒకరు కూలికి వెళ్ళారు. ఆదివారం ఆరాధన అయ్యాక నేను ఆవిడను పక్కకు పిలిచి, తోటలో మీ కాయలు పడి ఉన్నాయి, పూడ్చకపోతే తోట దక్కదంటున్నారు, వాటి సంగతేదో మీరే తేల్చండి అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నీకు నోరుందని విన్నాలే, పద అంది.

మా అత్తగారు ఆవిడను చూసి ముఖం విప్పింది. ఎన్నాళ్ళకు వచ్చావే, కొంగు పట్టు అంది. మేస్త్రమ్మ కొంగు పట్టలేదు. వంగి కింద నుంచి ఒక కాయ తీసి, రెండు చేతులతో చీల్చి, మా అత్తగారి ముందు పట్టింది. నాకు తెలిసి మా అత్తగారు రాలిన కాయను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఆవిడ వాటిని ముట్టుకునేది కాదు, వాటి వంక చూసేదీ కాదు. కాబట్టి అవి ఏమైపోయాయో ఆవిడకు తెలియదు.

"అక్కా, ఇయ్యి మావేనా?" అంది మేస్త్రమ్మ.

"మీవే. మా నాన్న ఉన్నప్పట్నించీ మీవే గదే."

"మీ నాయన కాలంలో కింద పడ్డా మంచి కాయే పడేది. మా పిల్లలు ఆకలికి తినేవోళ్ళు. ఇప్పుడు బాగున్నది నీ గంపలోకి పోతంది, పురుగుది మా వాటాకి వస్తంది. రెండేళ్ళ నుంచీ మేం ఎవరం ఏరట్లా. నీ మనసు నొచ్చుకుంటదని ఎవరూ నీతో అనలా."

మా అత్తగారు మెల్లగా గట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పెళ్ళయి వచ్చాక ఆవిడ ఏడవడం చూసింది మామగారు పోయినప్పుడు, మళ్ళీ ఇప్పుడు. ఇన్నేళ్ళూ ధర్మం చేస్తున్నాననుకున్నానే, పురుగులు పెట్టానా మీకు అని అడిగింది. మేస్త్రమ్మ పక్కన కూర్చుంది గాని, లేదులే అక్కా అని ఊరుకోబెట్టలేదు. అందుకు ఆవిడ మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

"మా కాయలు మేం పూడ్చుకుంటాం," అంది మేస్త్రమ్మ. "నువ్వు అడ్డం రామాక, చాలు."

ఆ సాయంత్రమే ముఠా ఆడవాళ్ళు పలుగులు, పారలు పట్టుకుని వచ్చారు. కంచె మూల నడుములోతు గొయ్యి తవ్వారు. చెట్ల కింద కాయలన్నీ గంపలకెత్తి అందులో పోశారు, కుళ్ళినవి చీపుళ్ళతో ఊడ్చి మరీ పోశారు. మేం కూలి ఇస్తామంటే, మా సొమ్ము మేం పూడ్చుకోడానికి నువ్వు కూలిచ్చేదేంది అని మేస్త్రమ్మ కసిరింది. మొదటి గంప గోతిలో పోసేటప్పుడు మా అత్తగారు కళ్ళు మూసుకుంది. రెండో గంపకు తెరిచింది. మూడో గంప తనే ఒక పక్క పట్టింది.

మర్నాడు పొద్దున నేను బడికి వెళ్ళబోతూ తోట వైపు చూస్తే, మట్టిదారి పక్కనున్న వరసలో చెట్లన్నిటికీ తెల్లగా ఏవో కట్టి ఉన్నాయి. దగ్గరికి వెళ్తే మా అత్తగారి పాత చీర పేలికలు. ఆవిడ ఆఖరి చెట్టుకు ముడి వేస్తోంది. ఈ వరస వాళ్ళది, చెట్టు మీద కాయే వాళ్ళది అంది. రాలినవి పూడ్చేస్తుంటే బీదవాళ్ళకు మిగిలేదేమిటని పొద్దుటి ప్రార్థనలో అడిగిందట. జవాబు దేవుడు చెప్పాడో తనే చెప్పుకుందో నేను అడగలేదు. మా ఆయన మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. ఉన్న తోటే పోతుందో ఉంటుందో తెలియదు, ఇందులో మంచి వరస దానమా అన్నాడు. "ఏరా, గొడ్డలి దాకా వచ్చిన చెట్లు దానానికి పనికిరావా?" అంది మా అత్తగారు. అతను చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత మా పని ఒకటే. పొద్దున ఆవిడ, సాయంత్రం నేను, ఆదివారం ముఠా ఆడవాళ్ళు, ఎవరి కంట పడితే వాళ్ళు రాలిన కాయ ఏరి గోతిలో వేసి మట్టి కప్పేవాళ్ళం. చెట్ల కింద నేల రెండుసార్లు తిరగేయించాం. డబ్బా మాత్రం తన పని తను చేసుకుంటూ పోయింది. మొదట్లో మా శ్రమ దానికి పట్టినట్టే లేదు. లవంగం వాసన వేసుకుని వారం వారం నిండుతూనే ఉంది. తలుపు మీద సుద్ద గీతలు చూసి నాకు ఏడుపు వచ్చేది. ఒక శనివారమైతే ఆ డబ్బాను పీకి కంచె అవతల పారేద్దామన్నంత కోపం వచ్చింది. చెడ్డ కబురు తెచ్చాడని పోస్టుమాన్‌ని కొడతావా అంది మా అత్తగారు. ఆవిడ చేతిలో గంప ఉంది. అప్పటికి ఆవిడ నాకంటే పట్టుదలగా ఉంది.

వానలు వెనకపట్టాయి. అక్టోబరు దాటాక ఒక వారం డబ్బా విప్పితే అడుగు కనపడింది. పొరపాటేమోనని దూది చూశాను, వాసన బాగానే ఉంది. తరవాతి వారం ఇంకా తగ్గాయి. ఆఫీసరు వచ్చి చలి కూడా కలిసొచ్చింది గాని, చలి ఒక్కటే అయితే ఇంత తగ్గదు, మీ గొయ్యే పనిచేసింది అన్నాడు. ఆయన వెళ్ళాక మా అత్తగారు మోటారు గది తలుపు ముందు నిలబడి, చత్వారం కళ్ళతో ఆ గీతలన్నీ పైనుంచి కిందికి చూసింది. గీతలు పొట్టివవుతున్నాయి, అంతవరకు అర్థమైంది ఆవిడకు. నాకు ఊరంతా చెప్పాలని ఉంది, కానీ కాయ కోసి చూసేదాకా ఏ మాటా అనకూడదని ఇద్దరం నోరు కట్టుకున్నాం. నాకు అది ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.

క్రిస్మస్ ముందు వారం చలికాపు పక్వానికి వచ్చింది. ఆ రోజు పొద్దున మా ఆయన చాకు పట్టుకుని తోటకు బయలుదేరాడు. కట్టెల మనిషి కూడా మాట ప్రకారం చెట్ల మొదళ్ళు చూసుకుందామని వచ్చాడు, భుజాన గొడ్డలి ఉంది. మేస్త్రమ్మ, ఆమె వెనక నలుగురైదుగురు ఆడవాళ్ళు ఎవరూ పిలవకుండానే వచ్చి కంచె దగ్గర నిలబడ్డారు. మా అత్తగారు గట్టు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మా ఆయన తోట మధ్యలో చెట్టు నుంచి ఒక కాయ కోసి రెండు చెక్కలు చేశాడు. లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది. ఇంకో చెట్టుది కోశాడు, అదీ శుభ్రం. కావాలని మూలనున్న చెట్టుకు వెళ్ళి, కిందికొమ్మది, పైకొమ్మది, దోరది, పండుది కోసి చూశాడు. ఎక్కడో ఒక కాయలో పురుగు కనపడింది. అతను దాన్ని విడిగా పక్కన పెట్టాడు. తరవాత పక్క కొమ్మవి వరసగా కోస్తూ పోయాడు. ఇంకేమీ దొరకలేదు. కోసి కోసి విసుగొచ్చి, చేతిలో ఉన్న చెక్క నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టాడు. కట్టెల మనిషి కూడా గొడ్డలి చెట్టుకు ఆనించి ఒక కాయ అందుకున్నాడు.

పురుగు కాయను చూపించి మా ఆయన, ఇది మీ వాటాది అనుకుంటా అన్నాడు మేస్త్రమ్మతో, నవ్వుతూ.

"అది నీ వాటా అబ్బాయ్," అంది ఆవిడ. "పోయి పాతిపెట్టు."

అతను నిజంగానే వెళ్ళి గోతిలో వేసి, పారతో మట్టి కప్పి వచ్చాడు. వచ్చి కట్టెల మనిషిని పక్కకు తీసుకెళ్ళాడు. ఏం మాట్లాడాడో వినపడలేదు గాని, ఆ మనిషి తువ్వాలు నిండా కాయలు కట్టుకుని, గొడ్డలి మళ్ళీ భుజాన వేసుకుని దారి పట్టాడు. మా అత్తగారు అతను మలుపు తిరిగేదాకా చూసింది. ఆ తరవాతే లేచింది.

లేచి నేరుగా దారి పక్క వరస దగ్గరికి నడిచింది. ఎండకు వానకు చీర పేలికలు మట్టిరంగు తిరిగాయి గాని ముడులు ఊడలేదు. ముందు మీరు కొయ్యండి, మీ తరవాతే మా గంప అంది. ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. అలవాటు కొద్దీ ఒకరిద్దరి చూపు నేల మీదికే పోయింది. నేల ఊడ్చినట్టుంది, అక్కడ ఒక్క కాయ లేదు.

మేస్త్రమ్మ చెట్టు కింద నిలబడి తల పైకెత్తింది. ఆకుల మధ్య కాయలు వేలాడుతున్నాయి.

"చిన్నప్పట్నించీ వస్తన్నా అక్కా ఈ తోటలోకి," అంది. "పైకి చూడటం ఇదే."

ఆవిడ చెయ్యెత్తింది. కొమ్మ ఇంకో జానెడు ఎత్తులో ఉంది. మా అత్తగారు గట్టు ఎక్కి, రెండు చేతులతో ఆ కొమ్మను వంచి, ఆవిడ కోసుకునేదాకా పట్టుకుంది.